పిల్లి పడుకోమంది... అమ్మ కూడా!

డాలస్‌లో రాత్రి పది. పిల్లలు నిద్రపోయాక టీవీ ముందు కంట్రోలర్ పట్టుకుని కూర్చుంటాను. ఆడేది జపాన్ సంస్థ అట్లస్ తయారుచేసిన ‘పర్సోనా 5’. 2016లో జపాన్‌లో, మరుసటి ఏడాది మన దగ్గర విడుదలైంది.

కథానాయకుడు స్కూలు కుర్రాడు. చేయని నేరానికి శిక్షపడి, కన్నవాళ్లకు దూరంగా టోక్యోలో ఓ కాఫీ కొట్టు అటక మీద ఉంటాడు. ఆటంతా క్యాలెండర్ ప్రకారమే నడుస్తుంది. సాయంత్రం ఒకరితో గడిపితే ఇంకొకరికి సమయం ఉండదు. ఎవరికి ఎంత సమయమిస్తే ఆ బంధం అంత బలపడుతుంది. ఆ బలమే పోరాటాల్లో అక్కరకొస్తుంది.

కథ కట్టిపడేస్తుంది, నిజమే. కానీ పూర్తిచేయాలంటే సుమారు 100 గంటలు. రోజుకో గంట చొప్పున మూడు నెలల పైమాటే! అవే పోరాటాలు మళ్లీ మళ్లీ చేస్తుంటే విసుగూ వస్తుంది. అయినా వదలబుద్ధి కాదు.

ఆమధ్య ఆట మంచి పట్టులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. ఊళ్లో అప్పుడు పొద్దున ఎనిమిదిన్నర. ‘రేపు చేస్తాలేమ్మా’ అన్నాను. ‘సరే నాన్నా, పొద్దుపోయింది, పడుకో’ అంది. కాసేపటికి తెరమీద హీరో వెంట ఉండే పిల్లి మోర్గానా కూడా ఇక పడుకోమంది. నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది. ఆటలో స్నేహితులకు సాయంత్రాలు లెక్కపెట్టి పంచుతున్నాను. అమ్మకు పది నిమిషాలు లేవన్నాను.

ఆట మానలేదు. ఇప్పుడు ముందు అమ్మకు ఫోన్, తర్వాతే కంట్రోలర్. నిన్న మాగాయ పెట్టిన కబుర్లు వింటుండగానే పదకొండున్నర అయింది. ఆట అక్టోబరు దగ్గరే ఆగి ఉంది.