ఇంటి బ్యాటరీల మాట కంట్రోలరునకు వినబడనప్పుడు



2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు నేలగూలినవి. వేలకొలది విద్యుత్ స్తంభము లొరిగి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల పల్లెలు పెక్కుదినములు చీకటిలో నుండెను. అట్టి దినమునకై ఇంటికప్పుపై సౌరఫలకములు నిలుపుకొనువారు ఒక సంగతి యెఱుగవలెను. బ్యాటరీ లేని ఫలకములు వీధితీగలో కరెంటు పోగానే తామును ఆగిపోవును. కావుననే లిథియము బ్యాటరీలు రెండు మూడు కొని జతపఱచుట. అయితే జతపఱచినంతమాత్రమున పని తీఱదు. అవి కంట్రోలరుతో మాటలాడవలెను. ఆ మాట తెగిన యెడల తుపాను రాత్రి బ్యాటరీ నిండుగ నున్నను దీపము వెలుగదు.

గొలుసుచెరువుల సంగతి మీకు క్రొత్త కాదు. మూడు చెరువులను కాలువతో కలిపితిమేని, ఏ చెరువున నెంత నీరున్నదో మదుముకడ నున్న మనుష్యునికి తెలియవలెను. తెలియనిచో గట్టు తెగును, లేదా మడి యెండును. బ్యాటరీల విషయమును అట్టిదే. ప్రతి పెట్టెలోను బి.ఎం.ఎస్. అను కావలిపలక యొకటి గలదు. పెట్టెలలో నొకటి పెద్దది. తక్కినవి తమ లెక్కలను దానికి చెప్పును. అది యన్నింటిని కూడి, ఎంత వోల్టేజివఱకు నింపవచ్చును, ఎంత కరెంటు పోయవచ్చును, ఎంత తీయవచ్చును అను మూడు హద్దులను కంట్రోలరునకు తెలుపును. ఈ సంభాషణ సాధారణముగా క్యాన్ అను పద్ధతిని నడచును. జర్మనీ దేశపు బాష్ కంపెనీవారు మోటారుబండ్లకై దీనిని 1986లో వెల్లడించిరి.

మొదట తెలిసికొనవలసినది

తప్పు ఎచ్చట నున్నదో కంట్రోలరు తెరయే చెప్పును. 100 ఆంపియర్-గంటల పెట్టెలు మూడున్నవనుకొనుడు. తెరపై 300 కనబడినచో క్షేమము. 100 మాత్రమే కనబడినచో పెద్దపెట్టె మాట వినబడుచున్నది గాని చిన్నవాని మాట పెద్దదానికి చేరుటలేదు. బ్యాటరీయే కనబడనిచో పెద్దపెట్టెకును కంట్రోలరునకును నడుమ తీగలోనో, అమరికలోనో లోపము గలదు. ఈ విభజన చేయక ముట్టినవాడు దినమంతయు వెదకును.

పెట్టెల నడుమ లోపమైనచో

చేతి యుంగరములు తీసి, మీటలన్నియు ఆపివేసి, పిమ్మట చూడుడు. పెట్టెలపై చిన్న సంఖ్యామీటలున్నచో ఏ రెండింటికి నొకే సంఖ్య యుండరాదు. కలుపుతీగలు వరుస తప్పరాదు. పైలాన్‌టెక్ వారి పెట్టెలలో లింకు 0 రంధ్రము ఖాళీగా నున్నదే పెద్దది. దాని లింకు 1 నుండి తరువాతి పెట్టె లింకు 0 నకు తీగ పోవలెను. అయినను కుదురనిచో పెద్దదానిని ఒంటిగా నడిపి చూచి, పిదప ఒక్కొక్క పెట్టెనే చేర్చుడు. ఏది చేర్చినప్పుడు మాట తెగునో దానియందో, దాని తీగయందో దోష మున్నది.

చేర్చుటకు ముందు పెట్టెల నన్నింటిని విడివిడిగా నిండుగ నింపి, వోల్టేజీలు సమముగ నున్నవో లేవో చూడుడు. నిండిన చెరువును ఎండిన చెరువును ఒక్కసారి కలిపిన నీరు ఎట్లురుకునో, కరెంటు నట్లే యురుకును.

కంట్రోలరు తీగలో లోపమైనచో

పెట్టెకు ఒకే పోలికగల రంధ్రము లనేకము లుండును. క్యాన్ అని వ్రాసియున్నదానిలోనే తీగ పెట్టవలెను. బజారున దొరకు కంప్యూటరు తీగ రంధ్రమున సరిగా పట్టును గాని మాట చేర్చకపోవచ్చును. ఏలయన పైలాన్‌టెక్ వారు 4, 5 సంఖ్యల పోగులలో పలుకగా, విక్ట్రాన్ కంట్రోలరు 7, 8 సంఖ్యల పోగులలో వినును. కావున దానికై చేసిన తీగనే కొనవలెను.

తీగ రెండు కొనలయందును 120 ఓముల నిరోధక ముండవలెను. అంతయు ఆపివేసి, మాటతీగలు రెంటినడుమ మల్టీమీటరుతో కొలువుడు. 60 ఓములు వచ్చిన సరి. 120 వచ్చిన ఒక కొన నిరోధకము లేదు. 40 వచ్చిన ఒకటి ఎక్కువైనది. తరువాత కంట్రోలరులో వేగమును చూడుడు. బ్యాటరీలకు సాధారణముగా 500 కిలోబిట్లు. 250 అని యున్నచో ఒకరి మాట మఱియొకరికి తెలియదు. సముద్రపుగాలికి చిలుముపట్టిన కొనలను, ఎలుకలు కొఱికిన తీగలను గూడ మఱువకుడు.

చేయరాని పని

మాట తెగినదని విసిగి, కంట్రోలరును పాత సీసపు బ్యాటరీ లెక్కకు మార్చి నడుపవలదు. 51.2 వోల్టుల పెట్టెలో 16 గదులు వరుసగా నుండును. గది యొక్కటి 3.65 వోల్టులు మించరాదు. మొత్తము సరిగా కనబడినను ఒక గది మించవచ్చును. అది యెఱిగినది కావలిపలకయే. దాని మాట వినని కంట్రోలరు నింపుచునే పోవును. అంతట కావలిపలక తనంత పెట్టెను తెగగొట్టును. భారమంతయు తక్కిన పెట్టెలపై బడి, అవియు ఒకదాని వెనుక నొకటి తెగును. ఇల్లు చీకటియగును; ఖరీదైన సరకు చెడును; నిప్పు భయమును గలదు.

సంఘము చేయదగినది

విజయనగరము ప్రాంతమున చీపురుపల్లిలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘమువారు పల్లెలకు కరెంటు పంచి, విద్యుత్తు రైతు చేతికి అందని విద్య కాదని చూపిరి. మన సంఘములును ఒక మల్టీమీటరు, సరియైన తీగలు రెండు, నిరోధకములు నాలుగు కొని కార్యాలయమున నుంచినచో ఊరివారందఱ కక్కఱకు వచ్చును. ప్రతి యింటివారును పెట్టెల సంఖ్యలు, మీటల యమరిక, తెరపై కనబడు మొత్తము ఒక పుస్తకమున వ్రాసికొనవలెను.

భాద్రపదమాసమునందే ఒక సాయంకాలము వీధికరెంటు మీట తీసి, ఇల్లు బ్యాటరీపై నడచుచున్నదో లేదో చూడుడు. గాలివాన వచ్చిన రాత్రి లోపము వెదకుటకంటె, తెఱపిదినమున ఒక గంట వెచ్చించుట మేలు.