పారేసిన చెక్క పాడింది

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసి పంపమని వార్డెన్ సార్ కబురు చేసినప్పుడు ఏం రాయాలా అని వారం రోజులు ఆలోచించాను. ఐదో తరగతి నుంచి పదో తరగతి వరకు ఆరేళ్లు ఈ హాస్టల్లోనే తిని, ఇక్కడే చదివాను. ఈ సంవత్సరం ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేశాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కడినే. అందుకని అందరూ నా జీవితం గురించి రాయమన్నారు. కానీ నేను ఒక గిటారు గురించి రాస్తున్నాను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మా నాయిన గోడౌన్లో హమాలీ. బస్తాలు నేల చెమ్మకు తడవకుండా కింద చెక్క బల్లలు వేస్తారు. వాటినే ప్యాలెట్లు అంటారు. అవి విరిగితే నాయిన అడిగి ఇంటికి తెచ్చేవాడు. చాలావరకు పొయ్యిలోకి పోయేవి. ఒకదాన్ని మాత్రం సాపు చేసి, నాకు రాసుకునే బల్లగా చేసిచ్చాడు. సెలవులకు ఇంటికి పోతే దాని మీదే హోంవర్కు. దాని నిండా మేకుల రంధ్రాలు. రాస్తుంటే పెన్ను వాటిలో దిగబడి కాగితం చిరిగేది.

ఎమ్మెస్సీలో నా సెమినార్ అంశం తీగ వాద్యాల ధ్వని. దాని కోసం చదువుతుంటే, అలాంటి ప్యాలెట్ చెక్కతోనే చేసిన ఒక గిటారు సంగతి కంటపడింది. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గిటారు ఎలా మోగుతుంది?

ముందు ఒక చిన్న ప్రయోగం. ల్యాబులో శృతిదండాన్ని రబ్బరు సుత్తితో కొట్టి గాలిలో పట్టుకోండి. శబ్దం చెవి దగ్గర పెట్టుకుంటే గాని వినిపించదు. అదే దండం కాడను బల్లకు ఆనించండి, గదంతా వినిపిస్తుంది. మన ట్రంకు పెట్టె మూత మీద ఆనిస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. శృతిదండం కంపనాలను బల్ల అందుకుని, తన వెడల్పుతో ఎక్కువ గాలిని కదిలిస్తుంది. మన పుస్తకంలో వీటినే బలాత్కృత కంపనాలు అన్నారు.

గిటారులో జరిగేది కూడా ఇదే. సన్నని తీగ ఒంటరిగా గాలిని కదిలించలేదు. తీగ కింద బ్రిడ్జి అనే చిన్న కర్రముక్క ఉంటుంది. అది తీగ కంపనాలను ముందు పలకకు అందిస్తుంది. పలక కదిలితే పెట్టెలోని గాలి కూడా కదులుతుంది. గుండ్రటి రంధ్రం నుంచి ఆ గాలి లోపలికీ బయటికీ ఊగి, మంద్ర స్వరాలకు బలమిస్తుంది. ఇది అనునాదం.

కాబట్టి గిటారుకు ప్రాణం ముందు పలక. ఆరు స్టీలు తీగల లాగుడు అంతా కలిపి సుమారు 70 కిలోలు ఉంటుంది. అంటే ఒక బస్తాన్నర బరువు! అంత లాగుడును తట్టుకోవాలి, మళ్లీ చిన్న మీటుకే కదలాలి. గట్టిగానూ ఉండాలి, తేలికగానూ ఉండాలి. అందుకే పలకను మూడు మిల్లీమీటర్ల లోపు మందానికి తీసి, వెనక సన్నని కర్రపట్టీలు అతికిస్తారు. స్టీలు తీగల గిటార్లలో ఈ పట్టీలు ఎక్కువగా ఇంటూ గుర్తు ఆకారంలో ఉంటాయి. అమెరికాలో మార్టిన్ కంపెనీ 1840లలోనే ఈ పద్ధతి వాడింది.

పేరున్న కర్రలు

ముందు పలకకు సాధారణంగా చలి ప్రదేశాల్లో పెరిగే స్ప్రూస్ కర్ర వాడతారు. వెనక భాగానికీ పక్కలకూ పేరున్న కర్ర బ్రెజిల్ రోజ్‌వుడ్. చెట్లు తరిగిపోవడంతో 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని దాదాపుగా నిషేధించారు. దాని స్థానంలోకి ఎక్కువగా వచ్చింది మన దేశపు రోజ్‌వుడ్. మన దగ్గర జిట్రేగి అంటారే, అదే. మంచి గిటారు అంటే ఈ కర్రలతోనే చేయాలి, వేరే కర్ర పనికిరాదు అన్న నమ్మకం కొన్నవాళ్లలోనూ అమ్మేవాళ్లలోనూ బలంగా నాటుకుపోయింది.

1995: ప్యాలెట్ గిటారు

బాబ్ టేలర్ హైస్కూల్లో ఉండగానే గిటార్లు చేయడం మొదలుపెట్టినవాడు. 1974లో స్నేహితుడు కర్ట్ లిస్టగ్‌తో కలిసి అమెరికాలోని కాలిఫోర్నియాలో టేలర్ గిటార్స్ కంపెనీ స్థాపించాడు. గిటారు గొప్పతనం కర్రలో ఉందా, చేసే చేతిలో ఉందా అన్న ప్రశ్నకు 1995లో మాటలతో కాకుండా పనితో జవాబు చెప్పాడు. పారేసిన ఒక ప్యాలెట్ తీసుకున్నాడు. అందులోని ఓక్ చెక్కతో వెనక భాగం, పక్కలు చేశాడు. ముందు పలకను ఇళ్ల కట్టుబడిలో వాడే మామూలు దూలం ముక్క నుంచి కోశాడు. అది ఏ జాతి కర్రో కూడా సరిగా తెలియదు.

ఇలాంటి చెక్కతో పని ఎంత కష్టమో వడ్రంగం తెలిసినవాళ్లు ఊహించగలరు. మొదట మేకులన్నీ లాగాలి. ఒక్కటి మిగిలినా రంపం పళ్లు పోతాయి. తరువాత చెక్కను నిలువుగా పలుచని బద్దలుగా కోయాలి. మంచి కర్రయితే రెండు వెడల్పు పలకలు చాలు, పుస్తకం తెరిచినట్లు పక్కపక్కన అతికితే వెనక భాగం తయారవుతుంది. ప్యాలెట్ బద్దలు సన్నగా ఉంటాయి కాబట్టి చాలా ముక్కలు కలపాలి. ప్రతి ముక్క అంచునూ రందా పట్టి, రెండింటినీ కలిపి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. సందులోంచి వెలుగు కనిపించకూడదు. అప్పుడే జిగురు పెట్టి బిగించాలి.

పక్కలు వంచడం ఇంకో పరీక్ష. రెండు మిల్లీమీటర్ల మందం బద్దను తడిపి, వేడి గొట్టం మీద నెమ్మదిగా ఒత్తుతూ నడుము వంపు తేవాలి. తొందరపడితే టప్పున విరుగుతుంది. ఒత్తిడి చాలకపోతే వంపు నిలవదు. ముందు పలకను వేలితో తట్టి వింటూ, వెనక పట్టీలను ఉలితో కొంచెం కొంచెం చెక్కాలి. ఎక్కువ చెక్కితే తీగల లాగుడుకు పలక కుంగిపోతుంది. తక్కువ చెక్కితే శబ్దం మూగబోతుంది.

మెడ మీద మెట్ల లెక్క మాత్రం ఏ కర్రకైనా ఒకటే. పదో తరగతి వాళ్లు లెక్క కట్టి చూడండి. తీగ పొడవు 648 మిల్లీమీటర్లు అనుకుంటే, దాన్ని 17.817తో భాగించాలి. సుమారు 36.4 మిల్లీమీటర్లు వస్తుంది, మొదటి మెట్టు అక్కడ. మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగిస్తే రెండో మెట్టు దూరం వస్తుంది. ఇలా చేస్తూ పోతే పన్నెండో మెట్టు సరిగ్గా తీగ సగంలో పడుతుంది. అక్కడ పౌనఃపున్యం రెట్టింపు. చెక్క ఖరీదైనదైనా, పారేసినదైనా ఈ లెక్క మారదు.

టేలర్ చేసిన ఒక పని నాకు అన్నిటికన్నా నచ్చింది. మేకుల రంధ్రాలను రంగు వేసి దాచలేదు. వాటిలో మెరిసే గుండ్రటి అల్యూమినియం బిళ్లలు బిగించి, అందరికీ కనబడేలా చేశాడు. మెడ మీద అలంకారంగా పువ్వులు, తీగలు కాకుండా, ప్యాలెట్లు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ బొమ్మ పొదిగాడు. ఆ ఏడాది సంగీత వాద్యాల వ్యాపార ప్రదర్శనలో అందరూ ఆ గిటారు గురించే మాట్లాడుకున్నారు. 2000లో కంపెనీ అదే తరహాలో 25 గిటార్లు చేసి అమ్మింది.

ఒక్క విషయం నిజాయితీగా చెప్పాలి. దీన్నిబట్టి ఏ చెక్కయినా ఒకటే అనుకుంటే పొరపాటు. కట్టుబడి దూలాలు కూడా ఎక్కువగా స్ప్రూస్ లాగా సూదుల్లాంటి ఆకులుండే చెట్లవే. గట్టిదనం, తేలికదనం రెండూ వాటిలో ఉంటాయి. గుణం ఉంది, పేరే లేదు. టేలర్ చూసింది గుణాన్ని.

అంతకు ముందే ఒకరు

ఈ ప్రశ్న కొత్తది కాదు. నేటి స్పానిష్ గిటారుకు రూపం ఇచ్చిన ఆంటోనియో డి టోరెస్ వడ్రంగం నేర్చుకుని వచ్చినవాడు. ఆయన 1862లో ఒక గిటారు చేశాడు. ముందు పలక మాత్రం మంచి కర్ర. వెనక భాగం, పక్కలు కాగితపు అట్ట! శబ్దానికి ముఖ్యం ముందు పలకేనని చూపించడానికి అలా చేశాడు. ఆ అట్ట గిటారు బార్సిలోనా నగరంలోని సంగీత మ్యూజియంలో ఉంది.

అంత దూరం ఎందుకు? మన బొబ్బిలి వీణ చేసేది పెరట్లో కాసే పనస చెట్టు మానుతో. మన కిన్నెరకు కావలసింది వెదురు బొంగు, ఎండిన సొర బుర్రలు. బుర్ర లోపలి గాలి చేసే పనే గిటారు పెట్టెలోని గాలి చేస్తుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ వాద్యాన్ని తరతరాలుగా కాపాడినవాళ్లు ఎలాంటి ఇళ్లలో నుంచి వచ్చారో మనకు వేరే చెప్పనవసరం లేదు.

కళ్లకు గంతలు కడితే

ఇంగ్లండులోని లాంకాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. ఒకే చేతితో, ఒకే కొలతలతో ఆరు గిటార్లు చేయించారు. ముందు పలక అన్నిటికీ స్ప్రూసే. వెనక భాగం, పక్కలు మాత్రం ఆరు రకాల కర్రలు: బ్రెజిల్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలే, వాల్‌నట్. 52 మంది గిటారు కళాకారులను పిలిచి, మసక వెలుతురు గదిలో వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టి వాయించమన్నారు. ఏది ఏ కర్రో కనబడకపోయేసరికి అన్నిటికీ దాదాపు సమానంగానే మార్కులు వేశారు. ఎంతో ధర పలికే బ్రెజిల్ కర్రకు ప్రత్యేకంగా ఎక్కువేమీ రాలేదు.

పేరును చూసి కొనే అలవాటుకు మూల్యం కూడా పెద్దదే. గిటారు మెడ పైపలకకు వాడే ఎబొనీ కర్ర నిగనిగలాడే నలుపు ఉంటేనే కొనేవారు. ఇక్కడ మాత్రం నలుపుకే గిరాకీ! చెట్టును నరికితే గాని లోపలి రంగు తెలియదు. టేలర్ కంపెనీ 2011లో ఆఫ్రికాలోని కామెరూన్‌లో ఒక ఎబొనీ మిల్లును భాగస్వామ్యంతో కొన్నప్పుడు అసలు సంగతి బయటపడింది. పూర్తి నల్లని చెట్టు ఒక్కటి దొరకాలంటే పది నరుకుతున్నారు. చారలున్నవి అడవిలోనే కుళ్లిపోతున్నాయి. గట్టిదనంలో వాటికి ఏ లోపమూ లేదు. అప్పటినుంచి చారల కర్రను కూడా ఆ కంపెనీ తన గిటార్లకు వాడుతోంది.

కోడ్ నంబరు

ఇక నేను ఇదంతా ఎందుకు రాశానో చెబుతాను. నేను చదివిన చోట థియరీ జవాబు పత్రాల మీద మన పేరు ఉండదు, కోడ్ నంబరు ఉంటుంది. దిద్దేవారికి మనం ఎవరమో తెలియదు. ఒక సెమిస్టర్‌లో థియరీలో నేను క్లాసులో మూడోవాణ్ణి. వైవాలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఫిజిక్స్ కాదు, "ఏ ఊరు, ఏ హాస్టల్, నాన్న ఏం చేస్తాడు?" చెప్పాను. ఆ తరువాత రెండే ప్రశ్నలు అడిగి పంపించారు. వైవా మార్కుల్లో కింది నుంచి మూడోవాణ్ణి. చదువు మానేసి ఇంటికి పోదామనిపించింది.

సెమినార్‌కు ప్యాలెట్ గిటారు అంశం తీసుకున్నది ఆ తరువాతే. చివర్లో ఆ 52 మంది కళ్లద్దాల సంగతి చెప్పినప్పుడు గది కొంచెంసేపు నిశ్శబ్దంగా ఉంది. ఎవరు ఏమనుకున్నారో నాకు తెలియదు. నేను మాత్రం తల దించుకోలేదు.

తమ్ముళ్లూ, మనుషులు కర్రలు కారు, మనల్ని ఎవరో తెచ్చి చెక్కనవసరం లేదు. మన ఉలి మన చేతిలోనే ఉంది. కానీ రందా పట్టకుండా, వెలుతురుకు పెట్టి చూసుకోకుండా ఏ అతుకూ నిలవదు. సబ్జెక్టు గట్టిగా నేర్చుకోండి. కోడ్ నంబరు ఉన్నచోట అదే మాట్లాడుతుంది. లేనిచోట నాన్న ఏం చేస్తాడని అడిగితే నసగకుండా చెప్పండి.

పోయిన సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఆ గిటారు ఫోటో నాయినకు చూపించాను. చాలాసేపు చూశాడు. గొప్పగా ఉందని ఏమీ అనలేదు. "మేకుల బొక్కలు ఎట్ల పూడ్చిండు బిడ్డా?" అని అడిగాడు. పూడ్చలేదు నాయినా, మెరిసే బిళ్లలు పెట్టాడు అని చెప్పాను. ఆయన నవ్వి, మూలన ఉన్న నా పాత బల్ల వైపు చూశాడు.