సముద్రం అడుగున ఎర్బియం

ఇవాళ్టి మామూలు గాజు ఫైబర్‌లో కాంతి 100 కిలోమీటర్లు వెళ్లేసరికి మిగిలేది ఒక్క శాతం. 1960ల నాటి గాజులో 20 మీటర్లకే ఆ గతి పట్టేది కాబట్టి, ఇది గొప్ప ప్రగతే. అయినా అమెరికాకూ ఐరోపాకూ మధ్య దాదాపు 6,000 కిలోమీటర్ల సముద్రం ఉంది. దారి పొడవునా ఎక్కడికక్కడ కాంతికి బలం అందించాల్సిందే.

1988 డిసెంబరులో మొదలైన టీఏటీ-8, అట్లాంటిక్ దాటిన తొలి ఫైబర్ కేబుల్. దాంట్లో ఈ పని ఎలక్ట్రానిక్ రిపీటర్లు చేసేవి. అందిన కాంతిని కరెంటుగా మార్చి, పెంచి, సరిచేసి, ఇంకో లేజరుతో మళ్లీ కాంతిగా పంపేవి. మీటర్‌గేజి, బ్రాడ్‌గేజి కలిసే జంక్షన్లలో సరుకంతా దించి వేరే రైలుకెక్కించడం లాంటి తతంగం ఇది. పైగా ఒక్కో రంగు కాంతికి ఒక్కో సెట్టు కావాలి. సెకనుకు 28 కోట్ల బిట్లకని తయారైన సర్క్యూటు అంతకన్నా వేగంగా పనిచేయదు. వేగం పెంచాలంటే సముద్రం అడుగునున్న వందకు పైగా పెట్టెలు మార్చాలి. అయ్యే పనేనా?

విచిత్రమేమిటంటే, కాంతిని కాంతిగానే పెంచే సాధనం అప్పటికే పుట్టి పాతికేళ్లు కావస్తోంది. అమెరికన్ ఆప్టికల్ కంపెనీలో ఎలియాస్ స్నిట్జర్, చార్లెస్ కోస్టర్ మీటరు పొడవున్న నియోడిమియం గాజు ఫైబర్‌ని స్ప్రింగులా చుట్టారు. మధ్యలో ఫ్లాష్ దీపం పెట్టి వెలిగించారు. ఫైబర్‌లోకి పంపిన కాంతి 50,000 రెట్లు పెరిగి బయటికొచ్చింది. 1964లో ఆ ఫలితం అచ్చయింది. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుని మాత్రం ఏం చేస్తారు? కబుర్లు దూరం మోసుకెళ్లే ఫైబరే అప్పటికి లేదు. అది సాధ్యమేనని చార్లెస్ కావో లెక్కకట్టి చెప్పింది 1966లో. కార్నింగ్ కంపెనీ దాన్ని గాజులో నిజం చేసి చూపించింది 1970లో.

కాంతిని పెంచే ఆ సాధనానికి రెండో జన్మ ఇంగ్లండులోని సౌతాంప్టన్ యూనివర్సిటీలో. డేవిడ్ పేన్ బృందం 1985 నాటికి ఫైబర్ నడిమి పోగులో ఎర్బియం వంటి అరుదైన మృత్తిక (రేర్ ఎర్త్) మూలకాలను కొద్దిపాటిగా కలిపే పద్ధతి సాధించింది. ఎర్బియం కలిపిన ఫైబర్ 1987లో 1,540 నానోమీటర్ల దగ్గర కాంతిని పెంచి చూపింది. అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో ఇమాన్యుయెల్ దెసుర్విర్ బృందమూ విడిగా అదే సాధించింది. మామూలు ఫైబర్‌లో కాంతి నష్టం అతి తక్కువగా ఉండేది సరిగ్గా ఆ పరిసరాల్లోనే, 1,550 దగ్గర. ప్రకృతి ఇంజనీర్లకు ఉచితంగా ఇచ్చిన వరాల్లో ఇంతకు మించినది నాకు తోచడం లేదు.

పనితీరు ఇదీ. పంపు లేజరు కాంతి ఎర్బియం అయాన్లను పై శక్తి స్థాయికి ఎక్కిస్తుంది. అక్కడవి సుమారు 10 మిల్లీసెకన్లు నిలుస్తాయి. అణువుల లోకంలో అది చాలా దీర్ఘకాలం. ఈలోగా నీరసించిన సిగ్నలు అటుగా వస్తే అయాను కిందికి దిగి, ఆ సిగ్నలులాంటి ఫోటాన్‌నే విడుదల చేస్తుంది. లేజరులో జరిగేదీ ఇదే; అద్దాలు తీసేస్తే అది యాంప్లిఫయరు. ఆ 10 మిల్లీసెకన్ల మందకొడితనమే ఇక్కడ మేలు చేసింది. బిట్లు సెకనుకు వందల కోట్లలో దూసుకుపోతుంటే, ఎర్బియం వాటి ఎగుడుదిగుళ్లను గమనించేలోపే అవి దాటిపోతాయి. అందుకే పదుల రంగుల సిగ్నళ్లు ఒకే ఫైబర్‌లో వెళ్లినా ఒకదాని మాట ఇంకోదాంట్లో కలవదు. అన్నీ కలిసి ఒకేసారి పెరుగుతాయి.

ఇక పంపు సంగతి. తొలి ప్రయోగాల్లో వాడినవి ప్రయోగశాల లేజర్లు. వాటిని సముద్రంలో దించలేం. 1,480, 980 నానోమీటర్ల చిన్న సెమీకండక్టర్ లేజర్లు వచ్చాకే ఇది సరుకైంది. 980తో పంపు చేస్తున్న ఎర్బియం ఫైబర్ చుట్టను చీకట్లో చూస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది. అసలు పనిచేసే కాంతి మాత్రం కంటికి కనబడదు. ఒక లోపమూ ఉంది: ఇది సిగ్నలుతో పాటు రొదనీ పెంచుతుంది, తన సొంత రొద కొంత కలుపుతుంది కూడా.

1996కల్లా అట్లాంటిక్ కింద టీఏటీ-12/13 ఎర్బియంతోనే నడిచింది. ఒక్కో ఫైబర్ జతలో సెకనుకు 500 కోట్ల బిట్లు, అంటే టీఏటీ-8కి దాదాపు 18 రెట్లు. తర్వాత రంగులు చేర్చుకుంటూ పోయారు. 2020 ఆగస్టులో ప్రారంభమైన చెన్నై–పోర్ట్‌బ్లెయిర్ కేబుల్‌కీ వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఆ దారిలో కాంతిని కాంతిగానే పెంచే ఇలాంటి రిపీటర్లే దిక్కు.

ఎర్బియం యాంప్లిఫయరుకు పోటీగా కాదుగానీ తోడుగా ఇంకోటి వచ్చింది. అందులో ఎర్బియం అక్కర్లేదు. సుమారు 1,450 నానోమీటర్ల పంపు కాంతిని పంపితే మామూలు ఫైబరే 1,550 దగ్గరి సిగ్నలును పెంచుతుంది. దీనికి మూలం, విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్ 1928లో వెల్లడించిన ప్రభావం.

2009లో కావోకి ఫైబర్ మీద నోబెల్ వచ్చింది. అంతకు ముందు ఏడాది పేన్, దెసుర్విర్, బెల్ ల్యాబ్స్‌లో దెసుర్విర్‌తో పనిచేసిన రాండీ జైల్స్ ఫిన్లాండు వారి మిలీనియం టెక్నాలజీ బహుమతి తుది వరసదాకా వెళ్లారు; పెద్ద బహుమతి మందుల పరిశోధకుడు రాబర్ట్ లాంగర్‌కు దక్కింది. ఇంటర్నెట్‌ని ఖండాలు దాటించింది గాజొక్కటే కాదు, అందులో కలిసిన ఎర్బియం కూడా. నన్నడిగితే ఆ నోబెల్‌లో వీళ్లకూ వాటా ఉండాల్సింది.