చనిపోయింది.. కానీ దాని క్యాన్సర్ బతికే ఉంది!

కార్టూన్లలో సుడిగాలిలా గిర్రున తిరిగే ట్యాజ్ గుర్తుందా? దానికి మూలమైన జంతువు టాస్మానియన్ డెవిల్. ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలో ఉంటుంది. నల్లటి ఒళ్లు, చిన్న కుక్కంత సైజు, కంగారూలాగే పొట్టసంచిలో పిల్లల్ని పెంచే జీవి. ఇప్పుడు దాని ప్రాణాలు తీస్తున్నది.. అంటుకునే క్యాన్సర్!

తిండి దగ్గరా, జతకట్టేటప్పుడూ ఇవి ఒకదాని మూతి ఒకటి కొరుక్కుంటాయి. 1996లో ముఖం నిండా కణితులున్న డెవిల్ మొదటిసారి కెమెరాకి చిక్కింది. కణితి పెరిగితే తిండి తినలేక నెలల్లోనే చనిపోతాయి. జబ్బు పాకిన కొన్ని చోట్ల 80 శాతానికి పైగా డెవిల్స్ తుడిచిపెట్టుకుపోయాయి.

ఇది వైరస్ పనా? కాదని 2006లో ఆన్-మరీ పియర్స్, కేట్ స్విఫ్ట్ తేల్చారు. మామూలు డెవిల్ కణంలో 14 క్రోమోజోములుంటాయి. కణితి కణాల్లో 13 మాత్రమే. పైగా ఏ డెవిల్ కణితి చూసినా అదే తేడా, అదే గజిబిజి! ఒక డెవిల్‌కైతే పుట్టుకతోనే 5వ క్రోమోజోములో ఒక మార్పు ఉంది. దాని కణితిలో మాత్రం ఆ మార్పు లేదు. అంటే ఆ కణితి దాని ఒంట్లో పుట్టింది కాదన్నమాట!

నాకైతే ఇక్కడే మైండ్ బ్లాక్ అయింది. ఎప్పుడో ఒక ఆడ డెవిల్ నరాల చుట్టూ ఉండే ష్వాన్ కణాల్లో ఈ క్యాన్సర్ మొదలైంది. అది చనిపోయింది. దాని కణాలు మాత్రం కాటు కాటుకీ ఒళ్లు మారుతూ ఇంకా బతుకుతున్నాయి. 2014లో ఇలాంటిదే రెండోది బయటపడింది. అది ఒక మగ డెవిల్ నుంచి వచ్చింది.

మరి పరాయి కణాల్ని ఒళ్లు ఎందుకు తరిమికొట్టదు? ప్రతి కణం మీదా గుర్తింపు కార్డుల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి. మొదటి రకం క్యాన్సర్ కణాలు వాటిని దాచేస్తాయి. కార్డే కనపడకపోతే రోగనిరోధక వ్యవస్థ పరాయివాణ్ని పట్టుకునేదెలా?

ఇలాంటిది మన వీధికుక్కల్లోనూ ఉంది. వేల ఏళ్ల క్రితం ఒకే ఒక్క కుక్కలో పుట్టి, ముఖ్యంగా జతకట్టడం ద్వారా ప్రపంచమంతా పాకింది. మర్మాంగాల దగ్గర రక్తం కారే కణితి కనిపిస్తే పశువుల డాక్టర్‌కి చూపించండి. కీమోతో చాలావరకు తగ్గిపోతుంది.

ఈ రెండూ మనుషులకు అంటవు. క్యాన్సర్ ఉన్నవాళ్ల పక్కన కూర్చున్నా, వాళ్లతో కలిసి తిన్నా మనకు క్యాన్సర్ రాదు. కాబట్టి వాళ్లని దూరం పెట్టకండి.

డెవిల్స్ కథ కూడా ముగిసిపోలేదు. కొన్నింటిలో కణితులు వాటంతటవే కరిగిపోయాయి. జబ్బును తట్టుకునే దిశగా వాటి జన్యువులు మారుతున్న ఆనవాళ్లూ దొరికాయి. ఒక డెవిల్ కణాలు మొదలుపెట్టిన ఈ యుద్ధంలో మిగతా డెవిల్స్ ఇప్పుడిప్పుడే ఎదురు తిరుగుతున్నాయి!