కారు ప్రారంభము కాకున్న విద్యుద్దోషమును కనుగొను విధము

మోటారుబండ్ల తొలిదినములలో వానిని నడప నెంచినవారు ఇంజనుముందు నిలిచి ఇనుప హ్యాండిలును బలముగా త్రిప్పవలసి యుండెను. ఇంజను వెనుకకు తన్నినప్పుడు చేతులు విరిగినవారును గలరు. ఈ బాధను తొలగించుటకు అమెరికా దేశీయుడగు చార్లెస్ కెటరింగు విద్యుత్తుచే ఇంజనును త్రిప్పు యంత్రమును కల్పించెను. అది 1912వ సంవత్సరపు కాడిలాక్ కారులో అమర్పబడెను. దానినే మన మెకానిక్కులు 'సెల్ఫు' అందురు. హ్యాండిలు శ్రమ తీఱెను గాని, తాళపుచెవి త్రిప్పినను బండి పలుకకున్న నేమి చేయవలెనను ప్రశ్న క్రొత్తగా పుట్టెను.

మన నిడదవోలు వీధులలో స్పోర్ట్సు కారు అరుదు. అయినను దానినే యుదాహరణముగా గైకొంటిమి. ఏలయన ఈ దోషములు దానియందు స్పష్టముగా గానవచ్చును. ఇట్టి బండి నిత్యము నడువక వారములకొలది షెడ్డులో నుండును. మఱియు చోటు చాలమిచేతను, బరువు ముందువెనుకలకు సరిపడుటకును, బ్యాటరీని తఱచుగా ఇంజనునకు దూరముగ నుంతురు. ఇంగ్లండులో 1962 మొదలు తయారైన ఎం.జి.బి. కారు తొలి రకములలో సీట్ల వెనుక రెండు 6 వోల్టుల బ్యాటరీలు జతగా నుండెను. 1989లో వెలువడిన మాజ్డా ఎం.ఎక్స్.-5 కారులో బ్యాటరీ డిక్కీయందే కలదు. తీగ పొడవైనకొలదియు, అతుకులు హెచ్చినకొలదియు దోషమునకు తావు హెచ్చును.

విద్యుత్తు నడచు త్రోవ యిది: బ్యాటరీ ధనధ్రువమునుండి లావుతీగ ద్వారా సాలినాయిడునకు, అచ్చటనుండి సెల్ఫు మోటారునకు, దానినుండి ఇంజను లోహమునకు, పిదప ఎర్తు తీగ ద్వారా బాడీకి, తుదకు ఋణధ్రువమునకు చేరవలెను. తాళపుచెవి త్రిప్పినపుడు సన్నని తీగలో కొలది విద్యుత్తు పోయి సాలినాయిడును అయస్కాంతముగ జేయును. అది పెద్ద స్విచ్చును మూసి, మోటారు పళ్లచక్రమును ఇంజను చక్రమునకు తగిలించును.

ఇక నొక సందేహము. దీపములు చక్కగా వెలుగుచుండ సెల్ఫు ఏల తిరుగదు? మన కాలువలను జూడుడు. విజ్జేశ్వరము తలుపుల యొద్ద నీరు నిండుగానున్నను, పిల్లకాలువలో గుఱ్ఱపుడెక్క క్రమ్ముకొన్నచో కడవ నింపుటకు నీరు దొరకును గాని చేను తడువదు. బ్యాటరీ కొసపై చిలుము పట్టుటయు నట్టిదే. ఆ చిలుము అవరోధము 0.02 ఓము మాత్రమే యనుకొందము. ముందు దీపములు రెండును కలిసి సుమారు 10 ఆంపియర్లు గొనును. అందు నష్టము 0.2 వోల్టు. సెల్ఫునకు 150 ఆంపియర్లు పోవలసినచో నష్టము 3 వోల్టులు. పండ్రెండింట మూడు పోయిన మోటారునకు బలమెక్కడిది? తేమగల మన డెల్టాలో ఈ చిలుము త్వరగా పట్టును.

శోధించు విధము వినుడు. గేరును న్యూట్రలులో నుంచి, చేతిబ్రేకు వేసి, దీపములు వెలిగించి, చెవి త్రిప్పి చూడవలెను.

దీపములే వెలుగకున్న బ్యాటరీ నిస్సారమైనది, లేదా దాని కొస వదులైనది. వెలుగుచున్న దీపములు చెవి త్రిప్పగానే మసకబాఱి, టకటకయను చప్పుడు వరుసగా వినబడినచో బ్యాటరీ బలహీనమైనది, లేదా కొసలు చెడినవి. దీపములు మసకబాఱక ఒక్క 'టక్కు' మాత్రము వినబడినచో సాలినాయిడు స్పర్శలు, మోటారు బ్రష్షులు, ఇంజను ఎర్తు తీగ, వీనిలో నొకటి చెడినది. చప్పుడే లేకున్న సన్నని తీగ, ఫ్యూజు, తాళపు స్విచ్చు, క్లచ్చు స్విచ్చు చూడవలెను. సెల్ఫు చక్కగా తిరిగియు ఇంజను అంటుకొనకున్న దోషము పెట్రోలునందో నిప్పురవ్వయందో యుండును. సెల్ఫును విప్పనక్కఱ లేదు.

పిదప మీటరుతో నిశ్చయింపవలెను. విశ్రాంతిలోనున్న నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. 12 కంటె తగ్గిన చార్జి చేయవలెను. సెల్ఫు తిరుగునపుడు 9.6 కంటె దిగరాదు. అప్పుడే మీటరు ముల్లు నొకదానిని ఇంజను లోహముపైనను, రెండవదానిని బ్యాటరీ ఋణధ్రువముపైనను ఉంచిన 0.2 వోల్టునకు మించి చూపరాదు. మించినచో ఎర్తు త్రోవలో నష్టమున్నదని యెఱుగునది. ఇంజను నడచునపుడు బ్యాటరీయొద్ద సుమారు 14 వోల్టులు లేకున్న ఆల్టర్నేటరు చార్జి చేయుట లేదు.

నిలిచియున్న బండిలో గూడ గడియారము, దొంగల గంట మొదలగునవి కొంచెము విద్యుత్తు త్రాగుచుండును. అది 0.05 ఆంపియరైనచో దినమునకు 1.2 ఆంపియర్-గంటలు. 45 ఆంపియర్-గంటల బ్యాటరీ సగము ఖాళీయగుటకు 19 దినములు చాలును. వేసవి సెలవులలో బండిని మఱచినవారు ఈ లెక్క తలచుకొందురుగాక!

చిలుమును వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి, గీకి, కొసలను బిగించి, వ్యాజలైను పూయవలెను. విప్పునపుడు ఎర్తు తీగను ముందుగాను, బిగించునపుడు చివరగాను ముట్టవలెను. చార్జి అగునపుడు బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును. నిప్పురవ్వ తగిలిన నది ప్రేలి ఆమ్లము కన్నులలో పడును. కావున బీడీ, ఉంగరము, గాజులు దరి జేరరాదు. గేరులోనున్న బండికి స్క్రూడ్రైవరుతో సాలినాయిడు కొసలను కలిపిన బండి ఎదుటివానిమీదికి దూకును. ఈ దుడుకుతనము ప్రాణాంతకము.

పరీక్షింపక క్రొత్త బ్యాటరీ కొనుట, అది పలుకకున్న క్రొత్త సెల్ఫు కొనుట పెక్కుచోట్ల జరుగుచున్నది. వేలకొలది రూపాయలు వ్యయమైన పిదప దోషము ఒక తుప్పుపట్టిన ఎర్తు బోల్టునందు బయటపడుటయు కలదు. ఓము సూత్రమును పరీక్షకొఱకు వల్లించు మన విద్యార్థులు దానిని ఇట్టిచోట ప్రయోగించి చూచిన ఇంటివారి ధనమును మిగుల్తురు. మెకానిక్కు చెప్పునది నిజమో కాదో తామే తెలిసికొందురు.