చదివే పనికి ఏ ఎస్‌ఎస్‌డీ? ఎందుకు?

ఒక సినిమాను సర్వర్‌లోకి ఎక్కించేది ఒక్కసారే. చూసేవాళ్లు మాత్రం లక్షల్లో ఉంటారు. అంటే అక్కడి డ్రైవ్‌కు రాసే పని తక్కువ, చదివే పని ఎక్కువ. అలాంటి చోటికి ఎలాంటి ఎస్‌ఎస్‌డీ కావాలి?

సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీలో హార్డ్ డిస్క్‌లోలా తిరిగే పళ్లెం ఉండదు. కోటానుకోట్ల సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్‌లో ఎలక్ట్రాన్లను బంధించి, వోల్టేజీ స్థాయిని బట్టి సమాచారాన్ని చదువుతారు. 1 బిట్ దాచాలంటే 2 స్థాయిలు చాలు. 3 బిట్లకు 8, 4 బిట్లకు 16 స్థాయిలు గుర్తుపట్టాలి. ఈ 4 బిట్ల రకమే క్యూఎల్‌సీ. అన్నే సెల్స్‌లో ఎక్కువ సమాచారం పడుతుంది కాబట్టి ఒక్కో టెరాబైట్ ధర తగ్గుతుంది. 2023లో సాలిడైమ్ సంస్థ ప్రకటించిన 61.44 టెరాబైట్ల డ్రైవ్ ఈ రకానిదే.

మరి ఇబ్బంది ఎక్కడ? కొత్తది రాయాలంటే ముందు పాతది చెరపాలి. నోటుపుస్తకంలో ఒకేచోట రబ్బరుతో పదేపదే చెరిపితే కాగితం పల్చబడినట్టే, రాసి చెరిపిన ప్రతిసారీ సెల్‌లోని సన్నని ఆక్సైడ్ పొర కొంచెం దెబ్బతింటుంది. 16 స్థాయిలు ఇరుకిరుగ్గా ఉంటాయి కదా, కొద్దిపాటి అరుగుదలకే ఒకదాన్ని మరొకటిగా పొరబడే ప్రమాదం ఉంది. చదవడం వల్ల ఈ అరుగుదల దాదాపు ఉండదు. అందుకే సినిమాలు, ఫొటోలు, ఏఐ శిక్షణకు వాడే సమాచారం దాచడానికి క్యూఎల్‌సీ చక్కని ఎంపిక. రోజంతా లావాదేవీలు రాసే బ్యాంకు సర్వర్‌కు కాదు.

కొనేముందు డీడబ్ల్యూపీడీ అనే అంకె చూడండి. వారంటీ కాలంలో రోజుకు డ్రైవ్ మొత్తాన్ని ఎన్నిసార్లు తిరగరాయవచ్చో అది చెబుతుంది. 4 టెరాబైట్ల డ్రైవ్‌కు 0.5 అని ఉంటే, రోజుకు 2 టెరాబైట్లు రాయవచ్చు.