పాల లారీకి కొత్త ఎయిర్ క్లీనరా? రేడియేటర్ పైపు సంగతి కూడా చూడండి

సంఘంలో కొలిచి పోసిన పాలు శీతలీకరణ కేంద్రానికి చేరేదాకా వాటి మంచిచెడ్డలు రూటు లారీ చేతిలో ఉంటాయి. అప్పుడే పితికిన పాలకు ఉండే సహజ రక్షణ గుణం వేసవిలో కొద్ది గంటలకు మించి నిలవదు. ఆ తరువాత సూక్ష్మజీవులు వేగంగా పెరిగి పాలు పులుపెక్కుతాయి. కేంద్రం వద్ద మరిగించి చూసినప్పుడు విరిగితే ఆ పాలను తీసుకోరు. తెల్లవారకముందే లేచి పితికిన వారి శ్రమ వృథా అవుతుంది. లారీ దారిలో ఆగిపోవడానికి పెద్ద కారణమే ఉండనక్కరలేదు. ఇంజనుకు, రేడియేటర్‌కు మధ్యనుండే మూరెడు రబ్బరు పైపు పగిలితే చాలు.

నేడు చాలా గ్రామాల్లో బల్క్ కూలర్లు వచ్చాయి. పాలు చల్లబడి ట్యాంకర్లలో వెళుతున్నాయి. అయినా క్యాన్ల లారీలు తిరిగే రూట్లు ఇంకా ఉన్నాయి. మట్టిరోడ్ల మీద తిరిగే పాత లారీకి దుమ్మే మొదటి శత్రువు. అందువల్ల కంపెనీ బిగించిన ఎయిర్ క్లీనర్ తీసివేసి, బజారులో విడిగా దొరికే పెద్ద డ్రై టైపు క్లీనర్ పెట్టించాలన్న ఆలోచన రావడం సహజమే. ఆలోచన మంచిదే. కాని దానితోపాటు రేడియేటర్ పైపును కూడా మార్చవలసి రావచ్చునని సభ్యులు గమనించాలి.

పైపు ఎందుకు మార్చాలి?

ఇంజనులో వేడెక్కిన నీరు పై పైపు ద్వారా రేడియేటర్‌కు వెళ్ళి, అక్కడ చల్లబడి, కింది పైపు ద్వారా తిరిగి ఇంజనుకు వస్తుంది. లారీ నడిచినంతసేపూ ఈ ప్రయాణం ఆగకూడదు. కొత్త క్లీనర్ డబ్బా పెద్దది కనుక, దానికి గాని దాని గాలి పైపుకు గాని రేడియేటర్ పై పైపు అడ్డు రావచ్చు. అప్పుడు పాత పైపునే పక్కకు నెట్టి, తీగతో కట్టి పని ముగించడం కొన్ని షెడ్లలో జరుగుతుంది. దీనివల్ల రెండు నష్టాలు ఉన్నాయి.

మొదటిది, పైపు మడతపడుతుంది. మడత దగ్గర నీటి దారి ఇరుకై ఇంజను వేడెక్కుతుంది. అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్ కాలుతుంది, హెడ్ వంగుతుంది. రెండవది, పైపు డబ్బా అంచుకు రాసుకుంటుంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఎప్పుడూ ఊగుతూ ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు తగలని పైపు గతుకుల రోడ్డు మీద తగులుతుంది. కొద్ది వారాల్లో రంధ్రం పడుతుంది.

ఎటువంటి పైపు కావాలి?

కొత్త దారికి సరిపడే వంపుతో అచ్చు పోసిన రేడియేటర్ పైపునే కొనాలి. తిన్నని పైపును బలవంతంగా వంచకూడదు. పొలంలో మోటారుకు వాడే పైపు ముక్క అసలే పనికిరాదు. అది ఆ వేడికి, ఒత్తిడికి తట్టుకోలేదు. పైపు లోపలి కొలత ఇంజను మూతికి, రేడియేటర్ మూతికి సరిగ్గా సరిపోవాలి. ఒక్క పైపుతో దారి కుదరకపోతే మధ్యలో లోహపు వంపు గొట్టం వేయవచ్చు. కాని దాని రెండు చివరలకు పొంగిన అంచు ఉండాలి. అంచు లేకపోతే ఒత్తిడికి పైపు జారిపోతుంది. అతుకులు ఎంత తక్కువైతే అంత మేలు.

కింది పైపును కూడా మార్చవలసి వస్తే మరొక జాగ్రత్త. అది పంపు నీరు పీల్చే వైపు ఉంటుంది కనుక లోపలికి అణగిపోవచ్చు. పాత పైపులో తీగ స్ప్రింగు ఉంటే కొత్తదానిలోనూ ఉండాలి.

బిగించే పద్ధతి

ఉదయం పాలు దింపివచ్చి, ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాతనే పని మొదలుపెట్టాలి. ఆ సాయంత్రం పాలకు వేరే బండిని ముందే మాట్లాడుకోవడం మంచిది. వేడి మీద రేడియేటర్ మూత తీయరాదు. లోపల ఒత్తిడిలో ఉన్న నీరు ఒక్కసారి ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుతాయి.

మూతుల మీది తుప్పును శుభ్రం చేసి, సబ్బునీటితో తడిపి పైపు ఎక్కించాలి. నూనె, గ్రీజు పూయరాదు. రేడియేటర్ పైపుల రబ్బరు సాధారణంగా నూనెకు ఉబ్బి మెత్తబడుతుంది. క్లిప్పును పొంగిన అంచు దాటిన తరువాత బిగించాలి. డబ్బాకు, ఫ్యానుకు, బెల్టుకు, పొగ గొట్టానికి పైపు అంగుళమైనా ఎడంగా ఉండాలి. కూలెంట్ నింపి, మూత తీసి ఉంచి ఇంజను నడపాలి. థర్మోస్టాట్ తెరుచుకుని పై పైపు వేడెక్కేసరికి లోపలి గాలి బయటికి వచ్చి మట్టం తగ్గుతుంది. ఆ మేరకు నింపి మూత పెట్టాలి. ఒక ట్రిప్పు తిరిగి, ఇంజను చల్లారాక క్లిప్పులను మరోసారి బిగించాలి.

గాలి పైపు అతుకులూ అంతే ముఖ్యం. క్లీనర్ దాటిన తరువాత చిన్న సందు ఉన్నా దుమ్ము నేరుగా ఇంజనులోకి పోతుంది. అప్పుడు కొత్త క్లీనర్ ఉండీ లేనట్టే. క్లీనర్ గాలి పీల్చే మూతిని రేడియేటర్ నుండి వచ్చే వేడిగాలికి ఎదురుగా పెట్టకూడదు. క్లీనర్ ఇంజనుకు సరిపడే పరిమాణంలో ఉండాలి. చిన్నదైతే నల్లపొగ వస్తుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది.

పశువులకు ప్రమాదం

పాడి రైతులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం ఇది. కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. పశువులు, కుక్కలు దానిని ఇష్టంగా తాగుతాయి. మూత్రపిండాలు చెడి చనిపోతాయి. కాబట్టి తీసిన కూలెంట్‌ను నేల మీద, కాలువలో, కుడితి తొట్టి దగ్గర పారబోయరాదు. పాల క్యానులో, కుడితి బకెట్టులో ఎన్నడూ పట్టరాదు. వేరే డబ్బాలో పట్టి, మూత పెట్టి, షెడ్డువారికి అప్పగించాలి.

బిల్లు చెల్లించే ముందు

కార్యదర్శి లేక కమిటీ సభ్యుడు ఒకరు లారీ దగ్గరకు వెళ్ళి ఈ నాలుగు సంగతులు చూడాలి. పైపులో మడత ఉన్నదా? ఇంజను వేగం పెంచినప్పుడు పైపు దేనికైనా తగులుతున్నదా? క్లిప్పుల దగ్గర తడి ఉన్నదా? ఎక్కడైనా తీగతో కట్టారా? ఇందుకు మెకానిక్ చదువు అక్కరలేదు, కంటిచూపు చాలు.

2020 ఏప్రిల్ నుండి అమ్మకానికి వచ్చిన బి.ఎస్. 6 లారీలకు మాత్రం ఈ మార్పు తలపెట్టవద్దు. వాటి గాలి దారిలో సెన్సార్లు ఉంటాయి. గాలి లెక్క తప్పితే ఇంజను పనితీరు, పొగ శుద్ధి రెండూ చెడతాయి. వారంటీ కూడా పోవచ్చు. వాటికి కంపెనీ ఫిల్టర్‌ను వేళకు మార్చడమే సరైన పద్ధతి.

పైపు ఖర్చు మిగిల్చామనుకుంటే, ఒక్క పూట లారీ ఆగినప్పుడు రూటులోని సంఘాలన్నీ ఆ ఖర్చుకు ఎన్నో రెట్లు పోగొట్టుకుంటాయి. క్లీనర్ కొనే తీర్మానంలోనే పైపు, క్లిప్పులు, కూలెంట్ ఖర్చు కూడా చేర్చి రాసుకోండి.